మిషన్: ఇంపాజిబుల్, డేంజర్ మ్యాన్: పాత గూఢచారి సిరీస్‌లలో ఏది మేలు?

1960ల నాటి గూఢచారి సిరీస్‌లలో ఏదో ఒక్కటే చూడాలనుకునేవారికి నేను ముందుగా చెప్పే పేర్లు రెండు: అమెరికాలో సీబీఎస్ 1966 నుంచి 1973 దాకా ప్రసారం చేసిన ‘మిషన్: ఇంపాజిబుల్’, బ్రిటన్‌లో 1960లో మొదలైన ‘డేంజర్ మ్యాన్’.

మొదటిదానికి అసలు కథానాయకుడు పథకమే. టేపులో ఆదేశం వినిపించి పొగలు కక్కుతూ నాశనమవుతుంది. బృంద నాయకుడు జిమ్ ఫెల్ప్స్ ఫొటోలు తిరగేసి మనుషులను ఎంచుకుంటాడు. ఏం చేయబోతున్నారో మనకు మాత్రం సగమే తెలుస్తుంది. బృందంలోని సాంకేతిక నిపుణుడు బార్నీ ఇరుకు సందులో పాకుతూ, గోడకు చిల్లు పెడుతూ, మధ్యమధ్య గడియారం చూసుకుంటూ ఉండగా చాలాసేపు మాటే వినిపించదు, ఉత్కంఠ అంతా లాలో షిఫ్రిన్ సంగీతానిదే. చివరికి ప్రతినాయకుడిని అతని సొంతవాళ్లే అనుమానించి కాల్చేస్తుంటే, ఆ చప్పుడు వినిపించే వేళకు బృందం వ్యాన్ ఎక్కి వెళ్లిపోతూ ఉంటుంది. ఈ నేర్పు ముచ్చటగొలుపుతుంది కానీ, ఆ మనుషులు పనిలో లేనప్పుడు ఎలా ఉంటారో దాదాపు ఎక్కడా తెలియదు. పైగా మూడో సీజన్ తరువాత ముఖ్య నటులు మార్టిన్ లాండౌ, బార్బరా బెయిన్ తప్పుకోవడంతో ఆ లోటు బాగా కనిపిస్తుంది.

‘డేంజర్ మ్యాన్’లో పథకాలు తరచుగా బెడిసికొడతాయి. పాట్రిక్ మెక్‌గూహన్ పోషించిన జాన్ డ్రేక్ తుపాకీ పట్టేది అరుదు. ప్రేమ సన్నివేశాలంటే ఆ నటుడికే ఇష్టం లేదు. అందువల్ల డ్రేక్ మాటతోనూ మారువేషంతోనూ ఓర్పుతోనూ నెగ్గుకురావాలి, పై అధికారులు అబద్ధం చెప్పారని తెలిస్తే కోపాన్ని దిగమింగుకోవాలి. ‘కాలనీ త్రీ’ అనే భాగంలో ఇంగ్లండు పట్టణాన్ని అచ్చుగుద్దినట్టు కట్టి, గూఢచారులకు అక్కడి బతుకు అలవాటు చేసే ఊరొకటి ఉంటుంది. డ్రేక్ అక్కడి నుంచి బయటపడినా అందులో విజయగర్వమేమీ కనిపించదు. తొలినాళ్ల అరగంట భాగాలు మాత్రం హడావుడిగా ముగుస్తాయి. మొట్టమొదటి కథలో వేల్స్‌లోని పోర్ట్‌మీరియన్‌నే ఇటలీగా చూపించారు. నాకైతే ఆ పొదుపు కూడా సరదాగానే అనిపిస్తుంది.

మొదటిసారి చూసినప్పుడు కలిగే ఉత్కంఠలో ‘మిషన్: ఇంపాజిబుల్’దే పైచేయి, అయితే మర్మం తెలిసిపోయాక దానిలో మిగిలేది పనితనమే. డ్రేక్ ముఖంలోని సందేహం రెండోసారి చూసినప్పుడు మరింత స్పష్టంగా తెలుస్తుంది కనుక నా ఓటు ‘డేంజర్ మ్యాన్’కే, అదీ 1964 నుంచి వచ్చిన గంట నిడివి భాగాలకు. బృందాలూ పన్నాగాలే ఇష్టమైనవారు ‘మిషన్: ఇంపాజిబుల్’ రెండు, మూడు సీజన్లు చూస్తే సరిపోతుంది.