తిరుపతిలో ‘ఏర్పాటు - స్వచిత్తం’ శనివారం క్లాసు: ఆరు వారాలు కూర్చున్నాక నా రివ్యూ

రక్షణకి ఎవరనేది దేవుడే ముందు ఎంచుకుంటాడా (దాన్నే ఏర్పాటు అంటారు), లేక అది మనిషి సొంత ఇష్టమా (అది స్వచిత్తం) అని చెప్పే క్రైస్తవ క్లాసు ఇది. ఐదుకి మూడున్నర ఇస్తున్నా. ఒకటిన్నర ఎందుకు కట్ చేసినానో చెప్తా, కొంచెం పెద్ద కథే, తీరిక ఉన్నోళ్లు చదవండి.

క్లాసు పేరు, నడిపేవాళ్ల పేరు రాయను, తిరుపతి ఎంత పెద్దదైనా చర్చిల లెక్కలో చిన్న ఊరే. రేణిగుంట రోడ్డు వైపు ఒక సందులో మేడమీద హాలు. శనివారం సాయంత్రం 6 నుంచి 8, ఆరు వారాలు, ఫీజు 600, అందులోనే జిరాక్స్ నోట్సు, టీ, రెండు బిస్కెట్లు. బండి పెట్టుకోను జాగా లేదు, కింద వెల్డింగ్ షాపాయన ఏడుకి గానీ షట్టర్ దించడు, కాబట్టి మొదటి గంట బైబిల్లో పౌలు మాట సగం, గ్రైండర్ మోత సగం. టీ మాత్రం బో బాగుంటుంది.

నేనెందుకు చేరినానంటే, మా అమ్మ వైపు చిత్తూరు సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), నాన్న వైపు తిరుపతి లూథరన్. ఏదన్నా పని చెడితే అమ్మ "దేవుడు రాసిపెట్టలేదులే" అనేది, నాన్న "నువ్వు చదవక ఫెయిలై దేవుని మీదేస్తావా" అని అరిచేవాడు, పక్కింటోళ్లు తలరాత అనేవాళ్లు, ముగ్గురూ చెప్పేది ఒకటేనా వేరేనా నాకు ఈ వయసుకీ తెగలేదు.

ఆ ముడి మొదటి వారమే కొంచెం వదిలింది. క్లాసు చెప్పే బ్రదర్ అనేదేందంటే తలరాతని ఎందుకిట్ల రాసినావని అడగను ఎదురుగా ఎవరూ ఉండరు, ఎఫెసీ పత్రిక మొదటి అధ్యాయంలో పౌలు చెప్పే ముందు నిర్ణయం అట్లాంటిది కాదు, బిడ్డని దత్తత తీసుకోవాలని తండ్రి ముందే మనసులో అనుకోవడం లాంటిది అని. తర్వాత ఐగుప్తు రాజు ఫరో సంగతి. నిర్గమకాండం 8లో ఫరో తన గుండె తానే రాయి చేసుకుంటాడు, 9:12కి వచ్చేసరికి దేవుడే కఠినం చేసినాడని ఉంటుంది, రెండూ పక్కపక్కనే పెట్టి చదివించి ఇప్పుడు చెప్పండి తప్పు ఎవరిది అని మమ్మల్నే అడిగి టీకి పోయినాడు. ఆ పది నిమిషాలు టీ దగ్గర జరిగిన కొట్లాటకే ఇవ్వచ్చు సగం ఫీజు.

రెండో వారం అగస్టీన్, పెలాగియస్, పదహారు వందల ఏళ్ల కిందటి ఇద్దరు క్రైస్తవ బోధకులు. మనిషి తలచుకుంటే తన బలంతోనే ఆజ్ఞలు పాటించగలడని పెలాగియస్, కృప (దేవుడు ఊరికే చూపే దయ) ముందు రాకపోతే ఆ తలచుకోవడమే కుదరదని అగస్టీన్. 418లో కార్తేజ్ సభ పెలాగియస్ బోధని తోసేసింది. 529లో ఆరెంజ్ సభ (పండు కాదు, ఫ్రాన్స్‌లో ఊరు) కృపని గట్టిగా పట్టుకుంటూనే, దేవుడు కొందరిని చెడుకి ముందే నిర్ణయించినాడనే మాటని మాత్రం ఒప్పుకోలేదు. ఈ లైను గుర్తు పెట్టుకోండి, కింద పనికొస్తుంది.

నాలుగో వారం అసలు సూపరు. దేవుని కృపని మనిషి కాదనగలడన్న డచ్ పండితుడు అర్మీనియస్ 1609లో చనిపోతే, మరుసటేడు ఆయన వైపు వాళ్లు ఐదు అంశాలతో అర్జీ పెట్టుకున్నారు, దానికి జవాబుగా 1618-19లో హాలెండ్‌లో డార్ట్ సభ, ఎంపిక పూర్తిగా దేవునిదే అనే కాల్విన్ పక్షం వాళ్లది. అర్జీ పెట్టినోళ్లని సభ్యులుగా కాదు, ముద్దాయిల్లాగా పిలిపించి, జనవరిలో బయటికి పంపేసినారు. వాళ్ల వైపు ఉన్న గ్రోషియస్ అనే లాయర్‌కి యావజ్జీవం పడితే 1621లో పుస్తకాల పెట్టెలో దాక్కుని కోటలోంచి తప్పించుకున్నాడంట, మా బెంచీ అంతా ఒకటే నవ్వు, ఆ పెట్టె దేవుని ఏర్పాటా ఆయన స్వచిత్తమా అని వెనక నుంచి ఎవరో అన్నారు. కాల్విన్ పక్షం ఐదు అంశాల మొదటి అక్షరాలతో చేసిన టులిప్ అనే ఐదక్షరాల పేరు డార్ట్ పెట్టింది కాదని, అక్కడి వరుసే వేరని కూడా ఈ క్లాసులోనే తెలిసింది.

ఇంకో సంగతికి నేను నోరు తెరిచినా. 1853లో స్కడర్ అన్నదమ్ములు పెట్టిన ఆర్కాట్ మిషన్, అదే మన చిత్తూరు, మదనపల్లి వైపు పనిచేసిన మిషన్, అమెరికాకి పోయిన డచ్చోళ్ల రిఫార్మ్‌డ్ చర్చిది, ఆ చర్చి ఒప్పుకున్న పత్రాల్లో డార్ట్ తీర్మానాలు ఒకటి. అంటే మా అమ్మమ్మకి బాప్తిస్మం ఇచ్చిన గుడి వెనకాల ఆ గొడవ ఉండాది. అదే గుడి 1947లో సీఎస్ఐలోకి పోయి, స్వచిత్తం వైపు నిలబడిన వెస్లీ గారి మెథడిస్టులతో ఒకే కప్పు కింద కూర్చుంది. మా అమ్మకి ఫోన్లో చెప్తే "ఇంతకీ అన్నం తిన్నావా" అనింది.

ఇంక ఒకటిన్నర సంగతి. తిరుపతిలో క్లాసు పెట్టి, దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘానికి ఇదే కేంద్రమని తెలిసి కూడా లూథర్ పక్షానికి పదంటే పది నిమిషాలు ఇస్తారా? స్వచిత్తం ఉందని వాదించిన ఎరాస్మస్‌కి 1525లో లూథర్ ఇచ్చిన జవాబు ఒక ముక్క చెప్పి టైం అయిపోయిందని మూసేసినారు. పదహారో శతాబ్దం స్పెయిన్ పండితుడు మొలీనాకి అరగంట ఇచ్చినారు మళ్లీ, బస్సు మిస్సయితే నువ్వు పాకాల ట్రైన్ ఎక్కుతావా ఇంటికి తిరిగి పోతావా అన్నది కూడా దేవునికి ముందే తెలుసు అని, ఉదాహరణ బాగుంది, కాదనను.

ఐదో వారం, ప్రశ్నల టైం. రెండో వరుసలో ఎప్పుడూ మాట్లాడని ఒక పెద్దమ్మ లేచి "నాయనా, మా ఇంటాయన ముప్పై ఏళ్లు నేను పిలిచినా గుడికి రాలే, అట్లనే పోయినాడు, అయితే ఆయన్ని దేవుడు ఏర్పరచుకోలేదనేనా?" అనింది. హాలంతా గప్‌చుప్. బ్రదర్ మార్కర్ తీసుకుని బోర్డు మీద రెండు గళ్లు గీసి కాల్వినిస్టులు ఏమంటారు, అర్మీనియన్లు ఏమంటారు అని మొదలుపెట్టినాడు. ఆయన చెడ్డోడు కాదు, భయపడినాడని నాకనిపించింది. ఆమె కాసేపు నిలబడి, కొంగు సర్దుకుని కూర్చునింది.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పినా. ఆయన తాతగారి పాత ఇంగ్లీషు పుస్తకం దించి 1577 నాటి లూథరన్ ఒప్పుకోలు పత్రం, పదకొండో అంశం, తెలుగులో చెప్పినాడు. ఏర్పాటు రక్షణకే గానీ నాశనానికి కాదంట (పైన గుర్తు పెట్టుకోమన్న ఆరెంజ్ సభ మాట లాంటిదే), ఎవరూ పోవాలని దేవుడు కోరుకోడంట, దేవుని దాపరికంలో ఉన్నదాన్ని మనం తవ్వి చూడకూడదంట, క్రీస్తు దగ్గరే చూసుకోవాలంట. అది కూడా ఆమె అడిగినదానికి అవును కాదు అనే జవాబు కాదు, నాకు తెలుసు. కానీ ఆ పది నిమిషాల్లో మింగేసిన పాఠం సరిగ్గా ఆమెకి కావాల్సింది.

ఆ పేజీలు జిరాక్స్ తీయించి, కింద తెలుగులో రాసి ఆరో వారం తీసుకుపోయినా. ఆమె రాలేదు. ఆమె అడ్రస్ అడిగితే ఆఫీసులో ఇవ్వడం కుదరదన్నారు, అది కరెక్టే.

తర్వాతి బ్యాచ్‌లో చేరేవాళ్లు ఉంటే చేరండి, 600కి నష్టం లేదు, ఏడు తర్వాత మోత ఉండదు. ఎడమ వైపు రెండో వరుస ఫ్యాన్ కింద కూర్చోండి, ఆ చివరి కుర్చీ మాత్రం ఖాళీగా వదలండి, ఆమెది అదే. ఒకవేళ వస్తే కింద కామెంట్ పెట్టండి, కాగితాలు నా బండి డిక్కీలోనే ఉండాయి.