జాస్ప్ సమీక్ష: ఏ టెస్టుకు టిక్కు పెట్టాలో డేటా తెరవకముందే తేల్చుకోండి

సైకాలజీలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేసేవాళ్ళకు డేటా చేతికి రాగానే మొదలయ్యే తలనొప్పి సాఫ్ట్‌వేర్. గణాంకాల సాఫ్ట్‌వేర్ ఎస్‌పీఎస్‌ఎస్ లైసెన్సు సొంతంగా కొనుక్కోవడం విద్యార్థికి భారం. కోడ్ రాసి లెక్కలు చేసే ఆర్ భాష నేర్చుకుందామంటే డిసర్టేషన్ గడువు ఆగదు. ఈ రెండిటి మధ్య ఇరుక్కున్నవాళ్ళకు జాస్ప్ నిజంగా పనికొచ్చే సాధనం. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో ఎరిక్-యాన్ వాగెన్‌మేకర్స్ బృందం తయారుచేసిన ఉచిత, ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఇది. విండోస్, మ్యాక్, లినక్స్ దేనిమీదైనా నడుస్తుంది. లోపల లెక్కలు కట్టేది ఆర్. మనకు కనపడేవి మాత్రం ఎడమపక్క టిక్కు పెట్టుకునే గడులు, కుడిపక్క అప్పటికప్పుడు మారిపోయే ఫలితాల పట్టికలు.

సీఎస్‌వీ ఫైలైనా, ఎస్‌పీఎస్‌ఎస్ వాళ్ళ డాట్ సావ్ ఫైలైనా నేరుగా తెరుచుకుంటుంది. తెరిచిన వెంటనే టెస్టు జోలికి పోకుండా రెండు విషయాలు చూడాలి. ఒకటి, కాలమ్ పేరు పక్కనుండే చిన్న బొమ్మ. స్కేలు బొమ్మ ఉంటే కొలత, మెట్లలాంటి గీతలుంటే క్రమం, మూడు వృత్తాలుంటే వర్గం. వేర్వేరు విలువలు తక్కువగా ఉన్న కాలమ్‌ని జాస్ప్ తనంతట తానే వర్గం కిందో, క్రమం కిందో జమకడుతుంది. ఎంతవరకు ఒప్పుకుంటారో 1 నుంచి 5 దాకా అంకెల్లో చెప్పే లైకర్ట్ ప్రశ్నలన్నీ ఇలాగే పడతాయి. బొమ్మ మీద నొక్కి సరిచేసుకోవచ్చు. రెండోది ఇంతకంటే ప్రమాదకరం. జవాబివ్వని చోట 99 అనో 999 అనో వేసే అలవాటు మన దగ్గర బాగా ఉంది. జాస్ప్ ఖాళీ గడిని మిస్సింగ్‌గా గుర్తిస్తుంది గానీ 99ని నిజమైన స్కోరే అనుకుంటుంది. ప్రిఫరెన్సెస్‌లో మిస్సింగ్ విలువల జాబితాకు ఆ అంకెను చేర్చాలి. చేర్చకపోతే సగటూ, దాని చుట్టూ స్కోర్ల చెదరుబాటును కొలిచే క్రమ విచలనమూ రెండూ పాడవుతాయి, పట్టిక మాత్రం చక్కగానే కనిపిస్తుంది. అందుకే ముందు డిస్క్రిప్టివ్స్ (సారాంశ పట్టిక) తీసి ప్రతి కాలమ్‌కీ కనిష్ఠ, గరిష్ఠ విలువలు చూసుకోవాలి.

ఇక అసలు పని. రెండు వేర్వేరు గుంపుల సగటుల్ని పోల్చే టీ టెస్టు తెరిస్తే స్టూడెంట్, వెల్చ్, మాన్-విట్నీ అని మూడు గడులు వరసగా ఉంటాయి. మొదట టిక్కు పెట్టి ఉండేది స్టూడెంట్‌కే. నా దృష్టిలో జాస్ప్‌లో అన్నిటికంటే పెద్ద లోపం ఇదే. అక్కడ ఉండాల్సింది వెల్చ్. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

ఒక గుంపులో 40 మంది, క్రమ విచలనం 5. రెండో గుంపులో 15 మంది, క్రమ విచలనం 10. సగటుల తేడా 4.2. స్టూడెంట్ పద్ధతి రెండు గుంపుల విస్తృతినీ (వేరియన్స్, అంటే క్రమ విచలనం స్క్వేర్) కలిపి ఒకే అంకె చేస్తుంది. ఆ అంకెలో 40 మంది ఉన్న గుంపుదే పైచేయి కాబట్టి సగటుల తేడాలోని అనిశ్చితిని చెప్పే స్టాండర్డ్ ఎర్రర్ 2.03 దగ్గర ఆగుతుంది. తేడాను దానితో భాగిస్తే టీ 2.07, శాంపిల్ సైజును బట్టి వచ్చే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 53, నిజంగా తేడా లేకపోయినా ఇంత లేదా ఇంతకంటే పెద్ద తేడా కనిపించే అవకాశాన్ని చెప్పే పీ విలువ 0.043. 0.05 కంటే తక్కువ కాబట్టి సిగ్నిఫికెంట్ అని రాసేస్తాం. వెల్చ్ పద్ధతిలో ఏ గుంపు విస్తృతి ఆ గుంపుదే. స్టాండర్డ్ ఎర్రర్ 2.70కి పెరుగుతుంది, టీ 1.56కి దిగుతుంది, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 16.7కి పడిపోతుంది, పీ 0.14 దాకా వెళ్తుంది. సగటుల తేడాకు 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (నిజమైన తేడా ఉండగల పరిధి) మైనస్ 1.5 నుంచి 9.9 వరకు పరుచుకుంటుంది. డేటా ఒక్కటే, నిర్ణయాలు రెండు. చిన్న గుంపులో చెదరుబాటు ఎక్కువున్నప్పుడల్లా స్టూడెంట్ ఇలా లేని తేడాను ఉన్నట్టు చూపించే అవకాశం పెరుగుతుంది. విస్తృతులు సమానంగా ఉన్నా వెల్చ్ వాడినందువల్ల పోయేది దాదాపు ఏమీ లేదు. కాబట్టి ఎప్పుడూ వెల్చే అని ప్రపోజల్లోనే రాసిపెట్టుకోవడం మంచిది.

గుంపుల విస్తృతులు సమానమా అని పరీక్షించే లెవీన్ టెస్టు చూసి స్టూడెంటా వెల్చా తేల్చుకుందాం అనే పాత పద్ధతి నమ్మదగ్గది కాదు. శాంపిల్ చిన్నదైతే లెవీన్‌కి తేడాను పట్టే శక్తి ఉండదు, పెద్దదైతే పనికిరాని తేడాకు కూడా మోగుతుంది. డేటా నార్మల్ పంపిణీలో (గంట ఆకారంలో) ఉందా అని చూసే షాపిరో-విల్క్ సంగతీ అంతే. దాని పీ విలువ కంటే పక్కనే డేటా ఆకారాన్ని గీసి చూపే క్యూ-క్యూ ప్లాట్, రెయిన్‌క్లౌడ్ ప్లాట్ ఎక్కువ చెబుతాయి.

మాన్-విట్నీని చాలామంది మధ్యగతాల పోలిక అనుకుంటారు. అది పోల్చేది ర్యాంకుల్ని: ఒక గుంపులోంచి ఒకర్ని, రెండో గుంపులోంచి ఒకర్ని తీస్తే ఎవరి స్కోరు ఎక్కువ ఉండే అవకాశముందనేది. రెండు గుంపుల ఆకారం ఒకేలా ఉన్నప్పుడే మధ్యగతం మాట చెల్లుతుంది. దీనికి ఎఫెక్ట్ సైజుగా (తేడా ఎంత పెద్దదో చెప్పే కొలతగా) జాస్ప్ ర్యాంక్ బైసీరియల్ కోరిలేషన్ ఇస్తుంది. సగటుల తేడాను క్రమ విచలనాల్లో చెప్పే కోహెన్ డీ విలువ తెచ్చి దీని పక్కన పెట్టకండి.

మూడు గడులూ పక్కపక్కనే ఉండటం వల్ల మూడిటికీ టిక్కు పెట్టి, ఏది 0.05 కిందికి దిగితే దాన్ని తీసుకునే ఆశ పుడుతుంది. అలా చేస్తే లేని తేడాను ఉందనుకునే తప్పుకు 5 శాతం అని రాసిన అవకాశం నిజానికి 5 శాతం కాదు. వేరియబుల్స్ పెట్టె కూడా ఇలాగే ఊరిస్తుంది. అందులోకి ప్రశ్నావళిలోని 12 సబ్‌స్కేళ్ళు (ఉపవిభాగాల స్కోర్లు) లాగి పడేస్తే 12 పీ విలువలు వస్తాయి, ఏ సవరణా ఉండదు. వాటిలో ఏ ఒక్కదానిలోనూ నిజమైన తేడా లేకపోయినా, అవి ఒకదానికొకటి సంబంధం లేనివైతే, కనీసం ఒకటి సిగ్నిఫికెంట్‌గా కనిపించే అవకాశం 46 శాతం. ఎక్కువ టెస్టులు చేసినందుకు హద్దును బిగించే హోమ్ సవరణ చేతితో చేసుకోవచ్చు: పీ విలువల్ని చిన్న నుంచి పెద్దకు పేర్చి మొదటిదాన్ని 0.05ని 12తో భాగించగా వచ్చినదానితో, రెండోదాన్ని 11తో భాగించినదానితో పోలుస్తూ పోవాలి. ఆ హద్దు కిందికి దిగనిది తగలగానే ఆగిపోవాలి. మూడు, అంతకన్నా ఎక్కువ గుంపుల్ని పోల్చే అనోవాలో, గుంపుల్ని జతలుగా పోల్చే పోస్ట్ హాక్ దగ్గర మాత్రం హోమ్, ట్యూకీ, గేమ్స్-హోవెల్ అన్నీ సిద్ధంగా ఉన్నాయి. విస్తృతులు సమానం కాదనిపిస్తే గేమ్స్-హోవెల్ తీసుకోండి.

ఒకే మనుషుల్ని మూడు, అంతకన్నా ఎక్కువసార్లు కొలిస్తే రిపీటెడ్ మెజర్స్ అనోవాలో స్ఫెరిసిటీ (కొలతల మధ్య తేడాల విస్తృతులు సమానంగా ఉండటం) సవరణ టిక్కు మరవకూడదు. గ్రీన్‌హౌస్-గీసర్ వరసలోని దశాంశాల డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌నే రిపోర్టులో రాయాలి.

మన థీసిసుల్లో తరచూ కనపడే పొరపాటు ఒకటుంది. శిక్షణ ఇచ్చిన గుంపులో ముందు-తర్వాత తేడాకు పీ 0.03, కంట్రోల్ గుంపులో 0.08. అందుకని శిక్షణ పనిచేసిందని ముగింపు. ఒకటి 0.05 కిందికి దిగి ఇంకొకటి దిగకపోతే ఆ రెండిటి మధ్య తేడా రుజువైనట్టు కాదు. 2011లో న్యూరోసైన్స్ పేపర్ల మీద వచ్చిన ఒక పరిశీలనలో, ఈ తప్పుకు ఆస్కారమున్న 157 పేపర్లలో సగం దాకా ఇదే చేశాయి. జాస్ప్‌లో మందు సులువు. రిపీటెడ్ మెజర్స్‌లో సమయాన్ని లోపలి ఫ్యాక్టర్‌గా, గుంపును బయటి ఫ్యాక్టర్‌గా పెట్టి వాటి ఇంటరాక్షన్ (సమయంతో వచ్చే మార్పు గుంపును బట్టి మారుతుందా అనేది) వరసను చూడాలి.

ఫలితాల్ని అర్థం చేసుకోవడంలో జాస్ప్ చేసే సాయం గొప్పది. వోవ్క్-సెల్కే అనే గడికి టిక్కు పెడితే, ఆ పీ విలువ 'తేడా లేదు' అనే నల్ హైపోథిసిస్‌కి వ్యతిరేకంగా గరిష్ఠంగా ఎంత బరువు మోయగలదో చెబుతుంది. సరిగ్గా 0.05 అయితే 2.46 రెట్లు, 0.01 అయితే దాదాపు 8 రెట్లు. 0.05కి 'ఇరవైలో ఒక్క అవకాశమే తప్పు' అని చెప్పుకునేవాళ్ళు ఈ 2.46 దగ్గర కాసేపు ఆగాలి.

పీ 0.05 దాటితే తేడా లేదని రాయకూడదు. తేడా లేదనే మాటకే ఆధారం కావాలంటే బేయసియన్ టీ టెస్టు పక్కనే ఉంది. తేడా ఎంత ఉండొచ్చో డేటాకు ముందే అనుకునేది ప్రయర్. అందులో ముందే పెట్టి ఉండే కోషీ ప్రయర్ వెడల్పు 0.707. దాన్ని మారిస్తే, డేటా ఏ హైపోథిసిస్‌ని ఎన్ని రెట్లు సమర్థిస్తుందో చెప్పే బేయస్ ఫ్యాక్టర్ ఎలా మారుతుందో రోబస్ట్‌నెస్ చెక్ గ్రాఫు చూపిస్తుంది. గ్రాఫు లేకుండా ఒక్క అంకె రాసి వదిలేస్తే గైడ్ ప్రశ్నిస్తారు, ప్రశ్నించాలి కూడా.

శాంపిల్ ఎంతమంది కావాలో చూసుకోవడానికి పవర్ మాడ్యూల్‌ని పైన కుడివైపున్న ప్లస్ గుర్తు నొక్కి తెచ్చుకోవాలి. కోహెన్ డీ 0.5 ఉన్న తేడాను 80 శాతం పవర్‌తో (ఉన్న తేడాను పట్టుకునే అవకాశం), రెండు వైపుల టెస్టుతో పట్టాలంటే గుంపుకు 64 మంది కావాలి. 0.2 అయితే 394 మంది. గుంపుకు 30 చాలన్నది ఊరికే నోటికొచ్చిన లెక్క.

పట్టికలు ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) తీరులో నేరుగా వర్డ్‌లోకి కాపీ అవుతాయి. పీ విలువ ముందు సున్నా ఉంటే తీసేయాలి. డాట్ జాస్ప్ ఫైల్లో డేటా, పెట్టిన టిక్కులు, ఫలితాలు అన్నీ కలిసే సేవ్ అవుతాయి. గైడ్‌కి పంపాల్సింది పీడీఎఫ్ కాదు, ఈ ఫైలే. ఆయన తెరిస్తే ఏ టెస్టు ఎంచుకున్నారో, దేన్ని సవరించకుండా వదిలేశారో గడుల్లోనే కనిపిస్తుంది.