పాడైపోతున్న డిస్కుకు డీడీరెస్క్యూ: ఏళ్లుగా వాడిన అనుభవం

ఒక టెరాబైటు పోర్టబుల్ డిస్కు, నిండా పెళ్లి ఫొటోలు, వీడియోలు, బ్యాకప్ మాత్రం లేదు. తిరుపతి స్టూడియోల నుంచి రిపేరుకు వచ్చేవి ఎక్కువగా ఇవే. విండోస్‌లో తగిలిస్తే ఫోల్డరు తెరుచుకోవడానికే నిమిషాలు పడుతుంది, కాపీ మధ్యలో ఆగిపోతుంది, ఆఖరికి ఫార్మాట్ చేయమంటుంది. ఈ దశలో ఉన్న డిస్కులకు గ్నూ డీడీరెస్క్యూ వాడుతున్నాను. పాడైపోతున్న డిస్కులోని డేటాను ఇంకో డిస్కులోకి కాపీ తీసే లైనక్స్ ప్రోగ్రాము ఇది. ఉచితంగా దొరుకుతుంది, ఇంతకన్నా నమ్మకమైనది నాకు కనిపించలేదు. అయితే ప్రతి డిస్కుకూ ఇది మందు కాదు.

ముందు చెవి పెట్టి వినాలి. టక్ టక్‌మని కొట్టుకుంటున్నా, అసలు తిరగకపోయినా సాఫ్ట్‌వేర్‌తో పని జరగదు. డేటా చదివే హెడ్డు, డేటా ఉండే ప్లేటును గీకుతుంటే, కరెంటు ఇచ్చిన ప్రతి నిమిషమూ డేటా పోతూనే ఉంటుంది. మూత విప్పకుండా చెన్నైకో బెంగళూరుకో, దుమ్ము లేని గది, అంటే క్లీన్‌రూమ్ ఉన్న చోటికి పంపాలి. ఫ్రిజ్‌లో పెట్టి తీయమనే సలహా ఇంకా తిరుగుతోంది. దయచేసి వద్దు, బయటికి తీయగానే మన ఉక్కకు లోపల చెమ్మ పట్టేస్తుంది.

శబ్దం మామూలుగా ఉంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ రిపోర్టు తీయాలి. అందులో 197వ వరుస, అంటే చదవలేక పెండింగులో పడ్డ సెక్టార్ల (డేటా ఉండే చిన్న చిన్న గదుల) లెక్క, సున్నా కాకపోతే విండోస్‌లో డిస్కును సరిచేసే చెక్‌డిస్క్ జోలికి పోవద్దు. అది పాడైపోతున్న డిస్కు మీదే మార్పులు రాసేస్తుంది.

డీడీరెస్క్యూ గొప్పతనమంతా అది చదివే వరుసలో ఉంది. తోటలో చేతికందే మామిడికాయలు ముందు కోసుకుని, చిటారుకొమ్మలవి తర్వాత చూసుకున్నట్టు, బాగున్న సెక్టార్లన్నీ మొదట లాగేస్తుంది. ఎర్రర్ తగిలితే అక్కడే కూర్చోకుండా ముందుకు దూకుతుంది. ఎక్కడ ఏం మిగిలిందో మ్యాప్‌ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి, కరెంటు పోయినా ఆగిన చోటి నుంచే మొదలవుతుంది. ఒక్క షరతు: లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే లైనక్స్ నడిపేది) బూట్ చేసినప్పుడు హోమ్ ఫోల్డరు ర్యామ్‌లోనే ఉంటుంది. మ్యాప్‌ఫైల్ అక్కడ పెడితే కరెంటుతో పాటే పోతుంది. ఇమేజ్ (పాత డిస్కు మొత్తానికి తీసిన నకలు ఫైలు) పక్కనే, కొత్త డిస్కులో పెట్టాలి. ఆ కొత్త డిస్కు పాతదానికన్నా పెద్దదై ఉండాలి, ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసినది కాకూడదు. అందులో 4 జీబీకి మించిన ఫైలు పట్టదు.

మొదటి విడత డి (డిస్కును నేరుగా చదవమని), ఎన్ ఆప్షన్లతో నడపండి. ఎన్ ఉంటే మొండి చోట్లను గీకే పని వదిలేస్తుంది. అది ముగిశాకే ఎన్ తీసేసి, ఆర్ 3తో (చదవలేని చోట్లను ఇంకో మూడుసార్లు ప్రయత్నించమని) రెండో విడత. వేగం బాగా పడిపోతే క్యాపిటల్ ఆర్ ఆప్షన్‌తో వెనక నుంచి చదివించండి, చాలాసార్లు దారి దొరుకుతుంది. సెకనుకు 100 ఎంబీ వస్తే ఒక టెరాబైటుకు దాదాపు మూడు గంటలు. యూఎస్‌బీ 2 పోర్టులో పెడితే అదే తొమ్మిది గంటలు దాటొచ్చు. పాడైన డిస్కుకు రోజులు పట్టినా ఆశ్చర్యం లేదు. మే నెలలో టేబుల్ ఫ్యాన్ తప్పనిసరి. 50 డిగ్రీలు దాటితే ఆపి, చల్లారాక కొనసాగిస్తాను.

ఇబ్బందులూ ఉన్నాయి. సోర్సు, టార్గెట్ తారుమారైతే ఉన్న డేటా మీదే రాసేస్తుంది. లైనక్స్ డిస్కులకు పెట్టే ఎస్‌డీబీ, ఎస్‌డీసీ పేర్లను నమ్మొద్దు, అడాప్టర్ ఒకసారి రీసెట్ అయితే అవి మారిపోతాయి. సీరియల్ నంబరు ఉండే బై-ఐడీ దారినే ఇవ్వాలి. ఇంకోటి, దీనికి ఫైళ్లు తెలియవు, ఖాళీ జాగాను కూడా చదువుతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ వాడే ఫార్మాట్) డిస్కులో వాడిన జాగా వరకే చదివించాలంటే డీడీఆర్‌యుటిలిటీ అనే ప్రోగ్రాము తోడు కావాలి. నీరసించిన డిస్కుకు ఆ శ్రమ తగ్గించడం చాలా ముఖ్యం.

ఇమేజ్ చేతికొచ్చాక పాత డిస్కు పక్కన పెట్టేసి, ఇమేజ్ కాపీ మీదే పనిచేయాలి. పార్టిషన్ (డిస్కులోని విభాగం) పోతే దాన్ని వెతికిపెట్టే టెస్ట్‌డిస్క్ వాడాలి. ఫైళ్లను వాటి ఆనవాళ్లతో వెతికి తీసే ఫొటోరెక్ చివరి మార్గం, ఎందుకంటే దాంతో ఫైలు పేర్లు పోతాయి, ముక్కలుగా పడి ఉన్న పెద్ద వీడియోలు సరిగా రావు.

డీడీరెస్క్యూలో చాలామంది వాడని సౌకర్యం ఫిల్ మోడ్. ఇమేజ్ కాపీలో, చదవలేని చోట్లను ఒక గుర్తు మాటతో నింపి, ఆ కాపీని మౌంట్ చేసి (డిస్కులా తెరిచి), గ్రెప్ అనే వెతుకులాట కమాండుతో ఆ మాట వెతికితే దెబ్బతిన్న ఫైళ్ల పేర్లు బయటపడతాయి. జేపెగ్ అయితే తెరిచినప్పుడు తలంబ్రాలు పోస్తున్న చేతుల దాకా కనిపించి, ఆ కింద అంతా బూడిదరంగు ఉంటుంది. డిస్కుతో పాటు ఆ పేర్ల జాబితా కూడా ఇస్తే, కెమెరా కార్డుల్లో ఏవి వెతుక్కోవాలో స్టూడియోవాళ్లకు తెలుస్తుంది.