విజయవాడ ఎండలో కప్‌కేక్ ఫ్రాస్టింగ్: కొన్నేళ్ల వాడకం తర్వాత నా అంచనా

ఇంట్లో కప్‌కేకుల ఫ్రాస్టింగ్, అంటే పైన క్రీమ్‌తో చేసే అలంకరణ, నేర్పే వీడియోలు చాలావరకు వెన్నను గది ఉష్ణోగ్రతకు రానివ్వమనే సూచనతో మొదలవుతాయి. ఆ సూచన ఇచ్చేవారి గదిలో 20 డిగ్రీలో, 22 డిగ్రీలో ఉంటుంది. విజయవాడ పటమటలోని మా వంటగదిలో ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాలు ఫ్యాన్ తిరుగుతున్నా 35 డిగ్రీలు దాటుతాయి. ఆ వేడిలో వెన్న మెత్తబడి ఆగదు, పూర్తిగా కరిగిపోతుంది. పిల్లల పుట్టినరోజులకూ, బంధువుల ఇళ్లలో వేడుకలకూ కొన్నేళ్లుగా కప్‌కేకులు చేస్తూ, రకరకాల క్రీములూ, క్రీమ్‌ను ఆకారాల్లో నొక్కి వేసే నాజిళ్లూ, రంగులూ వాడి చూసిన తర్వాత నాకు ఏర్పడిన గట్టి అభిప్రాయం ఇది: మన ఊళ్లో అలంకరణ నిలవడం చేతి నేర్పు కంటే ముందు ఏ క్రీమ్ ఎంచుకున్నాం, దాన్ని ఎంత చల్లగా ఉంచగలిగాం అన్న రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది. నాజిల్ సంగతి ఆ తర్వాతే.

అందరూ మొదట చేసేది అమెరికన్ బటర్‌క్రీమ్. ఒక వంతు వెన్న, తూకంలో దానికి రెండింతల ఐసింగ్ షుగర్, కాసిన్ని పాలు, వెనిల్లా ఉంటే చాలు; పొయ్యి వెలిగించే పని లేదు. డిసెంబరు, జనవరి నెలల్లో ఇది ఎప్పుడూ నమ్మకంగా పనిచేసింది. పైభాగం కాస్త ఆరి పలుచని పొర కడుతుంది కాబట్టి డబ్బాలో పెట్టి పంపడానికి కూడా అనువుగా ఉంటుంది. దీని లోపమల్లా తీపి. మా ఇంట్లో పెద్దవాళ్లు క్రీమ్‌ను పక్కకు తీసి కింది కేకు మాత్రమే తినడం చాలాసార్లు చూశాను. తీపి తగ్గుతుందని చక్కెర తగ్గిస్తే క్రీమ్ జారిపోతుంది. ఎండాకాలంలో గట్టిగా నిలుస్తుందని చక్కెర పెంచితే నోట పెట్టలేనంత తీపి అవుతుంది, అయినా కరగడం మాత్రం ఆగదు, ఎందుకంటే కరిగేది వెన్నలోని కొవ్వు, దాన్ని చక్కెర ఆపలేదు. బ్రెడ్డు మీద రాసుకునే పసుపు వెన్నలో ఉప్పు ఉంటుంది కనుక ఉప్పు లేని తెల్ల వెన్ననే కొనాలి. చక్కెరను మిక్సీలో ఎంత మెత్తగా పట్టినా నాలుకకు పలుకు తగులుతూనే ఉంటుంది, కాబట్టి ఇక్కడ మాత్రం దుకాణంలో దొరికే ఐసింగ్ షుగర్‌కు ప్రత్యామ్నాయం లేదు. అందులో కలిపే మొక్కజొన్న పిండి వల్ల అది గడ్డకట్టకుండా కూడా ఉంటుంది. వానాకాలంలో ఆ పిండి ఉన్నా గడ్డలు కడుతుంది కనుక జల్లించకుండా వాడకూడదు.

వెన్న విషయంలో గడియారాన్ని నమ్మడం మానేశాను. ఫ్రిజ్‌లోంచి తీసి చిన్న ముక్కలుగా కోసిన వెన్న చలికాలంలో అరగంటకు పనికి వస్తే, మే నెలలో ఐదారు నిమిషాలకే వస్తుంది. వేలితో నొక్కితే గుంట పడాలి గాని వేలికి జిడ్డు మెరుపు అంటకూడదు. వంటింటి థర్మామీటరు ఉంటే 18 నుంచి 20 డిగ్రీల మధ్య చూపించాలి. గిన్నెనూ బీటర్ పుల్లలనూ ముందే ఫ్రిజ్‌లో పెట్టడం, గిలకొట్టేటప్పుడు గిన్నె కింద ఐసు నీళ్ల పళ్లెం ఉంచడం పైపై జాగ్రత్తలుగా కనిపిస్తాయి, కానీ వేసవిలో క్రీమ్ నిలబడేదీ కూలిపోయేదీ అక్కడే తేలిపోతుంది. రోహిణి కార్తెలో వేడుక ఉంటే కేకులు ముందు రోజు రాత్రి చేసి, క్రీమ్ పని తెల్లవారకముందే ముగిస్తాను, లేదా పడకగదిలో ఏసీ వేసి అక్కడే చిన్న బల్ల పరుచుకుంటాను. కేకు లోపలి భాగం కూడా పూర్తిగా చల్లారిందో లేదో అడుగున చెయ్యి పెట్టి చూసుకోవాలి. పైన చల్లగా ఉండి నడుమ వెచ్చగా ఉన్న కేకు మీద ఎంత మంచి క్రీమ్ అయినా అడుగు నుంచి జారుతుంది.

ఇంతకాలం వాడిన వాటిలో నాకు ఎక్కువ తృప్తినిచ్చింది పాలూ మైదా ఉడికించి చేసే ఎర్మిన్ బటర్‌క్రీమ్. రెడ్ వెల్వెట్ కేకు మీద క్రీమ్ చీజ్ వాడకం పెరగకముందు అమెరికాలో దీన్నే పూసేవారట. మన ఇళ్లలో దీని పేరు అంతగా వినిపించకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది, ఎందుకంటే ఇందులో గుడ్డు లేదు, ఐసింగ్ షుగర్ లేదు, కావలసినవన్నీ ఏ వంటింట్లోనైనా ఉండేవే. 240 మిల్లీలీటర్ల పాలలో 200 గ్రాముల మామూలు చక్కెర, 35 గ్రాముల మైదా ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద గరిటె ఆపకుండా తిప్పుతూ గారెల పిండి అంత చిక్కబడే వరకు ఉడికించాలి. దించిన తర్వాత మీగడ కట్టకుండా ప్లాస్టిక్ పొరను ఆ ముద్దకు నేరుగా ఆనించి కప్పి, పూర్తిగా చల్లారనివ్వాలి. 225 గ్రాముల వెన్నను తెల్లబడి గుల్లగా అయ్యేదాకా గిలకొట్టి, ఆ ముద్దను చెంచా చెంచాగా కలుపుతూ పోతే నాలుక మీద చాలా తేలికగా ఉండే క్రీమ్ వస్తుంది. శనివారాలు గుడ్డు ముట్టని మా అత్తగారు రెండోది అడిగి తీసుకున్న కప్‌కేకు ఇదే కాబట్టి, మా ఇంట్లో దీని స్థానం మీద చర్చ లేదు.

ముద్ద చల్లారడం అన్న ఒక్క మెట్టులోనే ఈ పద్ధతి బలమూ బలహీనతా ఉన్నాయి. అది ఏమాత్రం వెచ్చగా ఉన్నా వెన్న కరిగి క్రీమ్ పలుచబడుతుంది. అప్పుడు గిన్నెతో సహా పదిహేను, ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి మళ్లీ కొడితే చాలాసార్లు తిరిగి కుదురుకుంటుంది. ముద్ద ఫ్రిజ్‌లో మరీ గడ్డకట్టి ఉంటే క్రీమ్ విరిగినట్టు కనిపిస్తుంది, దానికి విరుగుడు ఆపకుండా కొట్టడమే. మైదా సరిగా ఉడకకపోతే పచ్చి వాసన వస్తుంది, దాన్ని వెనిల్లా కూడా కప్పలేదు. పెద్ద పూలరేకులు నిలబెట్టేంత బిగువు దీనికి లేదు, మామూలు సుడులకు సరిపోతుంది. 40 డిగ్రీల ఎండలో ఆరుబయట పెట్టే వేడుకకు దీన్ని సిఫారసు చేయను, ఆ మాటకొస్తే వెన్నతో చేసే ఏ క్రీమ్‌నీ చేయను.

గుడ్డు తినేవారికి స్విస్ మెరింగ్ బటర్‌క్రీమ్ మరో మంచి దారి. తెల్లసొననూ చక్కెరనూ మరిగే నీళ్ల గిన్నె పైన ఉంచి 71 డిగ్రీలు వచ్చే వరకు కలుపుతూ వేడి చేసి, దించి గిన్నె చల్లబడేదాకా గిలకొట్టి, ఆ తర్వాత వెన్న ముక్కలు వేస్తూ పోవాలి. దీని నునుపు, మెరుపు మరే క్రీమ్‌కూ రాలేదు. శ్రమ మాత్రం ఎక్కువ. చేతితో పట్టుకునే బీటర్ అయితే మోటారు వేడెక్కే అవకాశం ఉంది కనుక మధ్యమధ్యలో ఆపాలి.

మన బేకరీలు ఎక్కువగా వాడే డబ్బా విప్పింగ్ క్రీమ్ గురించి సూటిగా చెప్పాలి. పేరులో క్రీమ్ ఉన్నా చాలా రకాలు పాలమీగడ కావు. పెట్టె మీద చదివితే హైడ్రోజనీకరించిన పామ్ కెర్నల్ నూనె, చక్కెర, స్థిరీకరణ పదార్థాలు కనిపిస్తాయి. అది గడ్డకట్టిన స్థితిలో వస్తుంది. ఫ్రిజ్‌లో ఉంచి నెమ్మదిగా కరిగించి, ఇంకా బాగా చల్లగా ఉండగానే గిలకొడితే మూడింతల దాకా పొంగుతుంది. వేసవిలో వెన్న క్రీముల కంటే ఇది మెరుగ్గా నిలుస్తుంది, తీపి తక్కువ, తెలుపు స్వచ్ఛంగా ఉంటుంది, ఖర్చు కూడా తక్కువ. తిన్న తర్వాత అంగిలికి ఒక మైనపు పొర అంటుకున్నట్టు ఉండటం నాకు నచ్చదు. ట్రాన్స్ ఫ్యాట్ గురించి అడిగేవారు చాలామంది ఉన్నారు కాబట్టి ఒక సంగతి: నూనెలు, కొవ్వుల్లో అది 2 శాతానికి మించకూడదని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2022 జనవరి నుంచి నిబంధన పెట్టింది, అయినా సంతృప్త కొవ్వు మాత్రం ఎక్కువే ఉంటుంది. పెట్టె వెనక పట్టిక చదివి కొనాలి. మే నెల పుట్టినరోజులకు నేనూ ఇదే వాడతాను. గరిటె ఎత్తితే కొన కొద్దిగా వంగే దశలోనే కొట్టడం ఆపేయాలి. నాజిల్ బిగించిన సంచిలో నొక్కేటప్పుడు అది ఇంకాస్త గట్టిపడుతుంది కాబట్టి, ముందే బిగిసిన క్రీమ్‌తో వేసిన సుడుల అంచులు తెగినట్టు, గరుకుగా వస్తాయి.

25 శాతం కొవ్వు ఉండే మామూలు ఫ్రెష్ క్రీమ్‌ను ఎంతసేపు కొట్టినా సుడి నిలవదు. అందుకు కనీసం 30 శాతం, వీలైతే 35 శాతం కావాలి. అయితే వేడి క్రీమ్‌లో చాకొలెట్ కరిగించి చేసే గనాష్‌కు ఆ ఫ్రెష్ క్రీమే చక్కగా సరిపోతుంది. చలికాలంలో డార్క్ చాకొలెట్, క్రీమ్ సమపాళ్లలో తీసుకుంటే చాలు, వేసవిలో చాకొలెట్‌ను రెండింతలు చేయాలి. కోకో వెన్న దాదాపు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది కనుక గనాష్ కూడా మన ఎండకు అతీతమేమీ కాదు, కానీ జారినా వికారంగా కనిపించదు, కేకు మీద నున్నగా పరుచుకుంటుంది. సంచితో క్రీమ్ నొక్కి అలంకరించే పైపింగ్ చేతకానివారికి కప్‌కేకును తలకిందులుగా గనాష్‌లో ముంచి తీయడం అన్నిటికన్నా అందమైన, సులువైన అలంకరణ.

ఇక నాజిళ్లు. ఇరవై నాలుగో, నలభై ఎనిమిదో ఉండే పెట్టెలు చౌకగా దొరుకుతాయి, కానీ వాటిలో చాలావరకు కప్‌కేకుకు పనికిరానంత చిన్నవి. విల్టన్ సంస్థ 1ఎమ్ అనే సంఖ్యతో అమ్మే పెద్ద నక్షత్రపు నాజిల్, లేదా అదే కొలతతో వచ్చే మరేదైనా, నా పనిలో అధిక భాగం చేసింది. కేకు అంచున మొదలుపెట్టి లోపలికి తిప్పుతూ పైకి వస్తే సుడి, నడుమ మొదలుపెట్టి బయటికి తిప్పితే గులాబీ. ఒక్క నాజిల్‌తోనే రెండూ వస్తాయి. దానికి తోడు పెద్ద గుండ్రటి 2ఏ, రేకుల కోసం 104 ఉంటే ఇంటి అవసరాలు తీరిపోతాయి. ఒక్క నొక్కుతో పువ్వు వస్తుందని చెప్పే రష్యన్ నాజిళ్లు నన్ను నిరాశపరిచాయి. వాటికి చాలా బిగువైన క్రీమ్, కింద పూతగా మరో పొర క్రీమ్, రెంటికీ సమానమైన చల్లదనం కావాలి. డిసెంబరులో పదింటికి ఏడెనిమిది పూలు బాగా వస్తాయి, ఏప్రిల్‌లో ఒకటీ రాదు.

సంచుల్లో ఒకసారి వాడి పారేసే పలుచని ప్లాస్టిక్‌వి శుభ్రంగానే ఉంటాయి గాని బిగువైన క్రీమ్‌కు పగులుతాయి. సిలికాన్ సంచి మన్నుతుంది, వేడి నీళ్లతో కడిగితే జిడ్డు పోతుంది. గుడ్డ సంచికి పట్టిన వెన్న వాసన ఎన్ని ఉతుకులకూ వదలలేదు. నింపేటప్పుడు పొడవాటి స్టీలు గ్లాసులో సంచిని నిలబెట్టి పైఅంచును బయటికి మడిస్తే రెండో మనిషి సాయం అక్కర్లేదు. సగానికి మించి నింపకూడదు, వేసవిలో మూడో వంతు చాలు, ఎందుకంటే అరచేతి వేడికి సంచిలోని క్రీమ్ నిమిషాల్లో మెత్తబడుతుంది. అందుకే రెండు సంచులు సిద్ధం చేసుకుని, ఒకటి చేతిలో ఉండగా మరొకటి ఫ్రిజ్‌లో ఉంచుతాను. నాజిల్‌ను కేకుకు అర అంగుళం ఎత్తున నిటారుగా పట్టుకుని, సంచి పైభాగం నుంచి నొక్కి, చివర్లో నొక్కడం పూర్తిగా ఆపిన తర్వాతే పైకి తీయాలి. నొక్కుతూ లాగితే తోక మిగులుతుంది. కొత్తవాళ్లు స్టీలు కంచం మీద సాధన చేసి, ఆ క్రీమ్‌ను గీకి మళ్లీ సంచిలో వేసుకోవచ్చు.

రంగుల్లో నీళ్లలా ఉండేవి క్రీమ్‌ను పలుచన చేస్తాయి కనుక జెల్ రంగులే వాడాలి, టూత్‌పిక్ కొనతో తీసుకున్నంత చాలు. గంట, రెండు గంటల తర్వాత రంగు ముదురుతుంది, కాబట్టి కావలసినదాని కంటే ఒక మెట్టు లేతగా ఆపడం మంచిది. వెన్నలోని పసుపు ఛాయ వల్ల నీలం ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. నీలం కలిపేముందు వెన్న క్రీమ్‌లో అణువంత ఊదా రంగు కలిపితే ఆ పసుపు తగ్గి క్రీమ్ తెల్లబడుతుంది. ముదురు ఎరుపు, నలుపు కోసం జెల్ గుమ్మరిస్తే చేదు వస్తుంది. నలుపు కావాలంటే చాకొలెట్ క్రీమ్‌తో మొదలుపెట్టాలి.

పైన చల్లే రంగురంగుల చక్కెర పలుకులను, అంటే స్ప్రింకిల్స్‌ను, అమెరికన్ బటర్‌క్రీమ్ మీద వెంటనే చల్లాలి, ఆరితే అంటవు. విప్పింగ్ క్రీమ్ మీద మాత్రం తినే ముందే చల్లాలి, లేకపోతే తడికి రంగు కారుతుంది. ఫాండెంట్ అనే చక్కెర ముద్దతో చేసిన బొమ్మలు ఫ్రిజ్‌లోంచి బయటికి రాగానే కృష్ణా తీరపు తేమకు చెమటపట్టి జిగటగా మారతాయి కాబట్టి నేను వాటి జోలికి పోవడం తగ్గించాను.

ఫ్రిజ్‌లో దాచేటప్పుడు మూత బిగుసుకునే డబ్బా తప్పనిసరి. వెన్న పక్కనున్న వాసనలను త్వరగా పీల్చుకుంటుంది, మన ఫ్రిజ్‌లలో ఇంగువ వేసిన చారూ, వెల్లుల్లి పచ్చడీ లేని రోజు అరుదు. తినడానికి ముందు చలికాలంలో అరగంట, వేసవిలో పది నిమిషాలు బయట ఉంచితే వెన్న క్రీమ్ మెత్తబడి అసలు రుచి తెలుస్తుంది. గుంటూరులోని బంధువులకు తీసుకెళ్లేటప్పుడు గుంటలున్న అట్టపెట్టెలో కప్‌కేకులను ముందు రాత్రంతా ఫ్రిజ్‌లో బిగియనిచ్చి, కూలర్ డబ్బాలో కింద ఐస్ ప్యాకులు పరిచి, వాటి మీద ఒక పొడి తువ్వాలు వేసి పెట్టెను ఉంచుతాను. గంట ప్రయాణానికి ఇది సరిపోయింది. కారు డిక్కీలోకి ఏసీ గాలి చేరదు కనుక డబ్బాను సీటు ముందు కాళ్ల దగ్గర, ఎండ పడని వైపు పెట్టాలి.