పత్తి బేలు ఎత్తాలంటే చైన్ బ్లాకా, కరెంటు హాయిస్టా?

వరంగల్ జిన్నింగ్ మిల్లులో (పత్తి నుంచి గింజలు తీసే మిల్లు) బేలు, అంటే నొక్కి కట్టిన పత్తి మూట, 170 కిలోలనుకోండి. 3 మీటర్లు లేపాలంటే 170 × 9.8 × 3, దాదాపు 5,000 జౌల్స్. దేంతో లేపినా బేలుకు అందాల్సింది ఇంతే. పవర్ (సెకనుకు ఎన్ని జౌల్స్, అంటే వాట్లు) తేల్చేది టైమే.

చైన్ బ్లాక్ (చేత్తో గొలుసు లాగి లేపేది): మనిషి నిలకడగా ఇచ్చేది 75 వాట్లు. లెక్కకు 67 సెకన్లు. రాపిడి కలిస్తే రెండు నిమిషాలు, పైగా భుజాల నొప్పి.

హాయిస్టు (మోటారుతో లేపేది): 10 సెకన్లలో లేపితే 500 వాట్లు. గేర్లలో మూడో వంతు పోతే 750 వాట్లు కావాలి; 1 హెచ్‌పీ (746 వాట్లు) మోటారు దాదాపు సరిపోతుంది, అంచుకు అంచుగా. నేనైతే 1.5 తీసుకుంటా.

ఖర్చు: చైన్ బ్లాకే చవక.

రిస్క్: గాల్లో దూది తేలే చోట స్విచ్ నిప్పురవ్వ చాలు, మంటకు. మూత గట్టిగా ఉన్న మోటారు, స్విచ్చే కొనాలి.

రోజుకు నాలుగైదు బేళ్లకు చైన్ బ్లాక్. లారీలు నింపాలంటే హాయిస్టే.