ఎంపీసీఎస్ మూడేళ్లు: అప్పుడు నిజం రాయని ఫీడ్‌బ్యాక్ ఫారం

మేం ఫైనలియర్‌లో ఉండగా కాలేజీలకి గ్రేడులిచ్చే న్యాక్ వాళ్లు వస్తున్నారని కాలేజీకి సున్నాలేశారు, బాత్‌రూమ్ తలుపులకి గొళ్లేలు పెట్టారు, మా చేతికి ఫీడ్‌బ్యాక్ ఫారాలు ఇచ్చారు. లెక్చరర్‌కొక కాగితం, కాగితానికి ఐదేసి గడులు. "అన్నీ ఎక్సలెంటే పెట్టీండమ్మా, బేగి ఇచ్చీండి, భోజనాలకెళ్లాల" అని ఆఫీసు బాబాయి గుమ్మంలోనే నిలబడ్డాడు. పెట్టేశాం. సెమిస్టరు మొత్తమ్మీద నాలుగుసార్లు కనిపించినాయనకీ ఎక్సలెంటే.

ఇప్పుడు మా పిన్ని కూతురు ఇంటర్ గట్టెక్కి వెబ్ ఆప్షన్లు పెట్టుకుంటోంది. "అక్కా, మీ కాలేజీ బాగుంటాదా, బాగోదా? ఒక్క ముక్కలో సెప్పు" అని ఫోను. ఒక్క ముక్కలో నా వల్ల కాలేదు. డిగ్రీ చేతికొచ్చి రెండేళ్లు కావస్తోంది కాబట్టి ఆ ఫారం ఇప్పుడు నింపుతున్నాను. శ్రీకాకుళం టౌన్లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ, అంతవరకే చెప్తాను. మా లెక్చరర్లలో చాలామంది ఇంకా అక్కడే ఉన్నారు. అసలే జీతాలు నెలనెలా పడవు వాళ్లకి, నా మూలంగా ఇంకో తలనొప్పి ఎందుకు.

నాది 2021 ఎంపీసీఎస్ బ్యాచ్, అంటే లెక్కలు, ఫిజిక్స్, కంప్యూటర్స్. ఇంటర్ సెకండియర్ పరీక్షలు కరోనాకి రద్దయి అందరం పాసైపోయిన ఏడాది. సోంపేట దగ్గర తెలుగు మీడియంలో చదువుకుని వచ్చాను. సరిగ్గా ఆ ఏడాది నుంచే రాష్ట్రంలో డిగ్రీ మొత్తం ఇంగ్లీషు మీడియం చేశారు. అంటే పరీక్ష రాయకుండా పాసై, రాని భాషలో చేరాను. మొదటి నెల క్లాసులో నాకు అర్థమైంది 'లెట్ అజ్ కన్సిడర్' ఒక్కటే. ఆ తర్వాత సార్లూ తెలుగులోనే చెప్పేవారు, బోర్డు మీద మాత్రం ఇంగ్లీషు.

మొదటి సెమిస్టరు లెక్కలు డిఫరెన్షియల్ ఈక్వేషన్లు. చెప్పినాయన్ని అందరం నోట్స్ సార్ అనేవాళ్లం. అంత మంచి మనిషిని ఆ కాలేజీలో చూడలేదు. లెక్కని ఏడు మెట్లుగా విడగొట్టి, మెట్టుకొక నంబరేసి, అండర్‌లైన్ ఎక్కడ గీయాలో కూడా చెప్పేవారు. ఇంటిగ్రేటింగ్ ఫ్యాక్టర్ ఎప్పుడు ఏది వాడాలో నాలుగు రూల్సు, ఒక్కో రూలుకి రెండు లెక్కలు, పరీక్షకి వారం ముందు ఇంపార్టెంట్ల జిరాక్సు. ఆయన ఇచ్చిన జిరాక్సులోంచే పేపర్లో ముప్పాతిక వంతు వచ్చింది. 75కి 66 వేసుకున్నాను. ఊళ్లో మా అమ్మ ఆ మార్కు చెప్పుకోని ఇల్లు లేదు.

పీజీ సీట్లకి రాసే పీజీసెట్ మోడల్ పేపర్ ముందేసుకున్నప్పుడు తెలిసింది. అదే అధ్యాయం, అవే ఈక్వేషన్లు, కానీ మెట్ల నంబర్లు లేవు. నాలుగు ఆప్షన్లిచ్చి ఒకటి పట్టుకోమంటాడు. ఇంటిగ్రేటింగ్ ఫ్యాక్టర్‌తో అసలెందుకు గుణిస్తున్నామో నాకు తెలియదని ఆ రోజే తెలిసింది. సార్‌ని తప్పుపట్టలేను. ఆయన చేతిలో పెట్టింది తెలుగు మీడియం వాళ్లు అరవై మంది, ఆయన్ని అడిగేది పాస్ పర్సంటేజీ. ఆయన మమ్మల్ని పాస్ చేయించారు. ఆయన లేకపోతే మొదటి సెమిస్టర్లోనే బస్సెక్కి ఇంటికి పోయేదాన్ని.

రెండో ఆయన పేరు సున్నా సార్. స్లిప్ టెస్టు పేపరు మీద సున్నా ఎంత పెద్దదేసేవారంటే దాన్లో అరటికాయ పెట్టొచ్చు. మూడో సెమిస్టర్లో ఆల్జీబ్రా చెప్పడానికి వచ్చారు. నోట్సుండదు. ఇంపార్టెంట్లు అడిగితే "సిలబస్ అంతా ఇంపార్టెంటే" అనేవారు. ఒకరోజు మొదటి బెంచీలో నన్నూ నా పక్కనున్న ఇద్దర్నీ నిలబెట్టారు. ముందు ఒకటో సీటు, రెండో సీటు వాళ్లు మారండి. తర్వాత రెండో సీటు, మూడో సీటు వాళ్లు మారండి. మారాం. ఒకటో సీట్లో ఉన్న నేను మూడో సీట్లో తేలాను. మళ్లీ ఎవరి చోటికి వాళ్లెళ్లి, ఈసారి ముందు రెండు-మూడు, తర్వాత ఒకటి-రెండు. నేను రెండో సీట్లో ఆగిపోయాను. "అవే రెండు పనులు. వరస మారింది. చేరిన చోటు మారింది. ఏంటర్థం?" ఎవరూ మాట్లాడలేదు. వెనక బెంచీ కుర్రాడొకడు "అబేలియన్ కాదు సార్" అన్నాడు, అంటే వరస మారిస్తే ఫలితం మారిపోయే గ్రూపని. ఆ ముగ్గురం ఇప్పటికీ కలిస్తే సీట్లు మారి నవ్వుకుంటాం. ఆల్జీబ్రాలో గ్రూపులన్న మాట వింటే ఇవాళ్టికీ నాకు ఆ బెంచీ గుర్తొస్తుంది, డెఫినిషన్ కాదు.

అలాగని ఆయన గొప్ప లెక్చరరని కూడా రాయను. ఐదు యూనిట్లలో మూడున్నర చెప్పారు. మిగతాది మీరే చదువుకోండన్నారు. రింగ్స్ అంటే ఏంటో మాకు యూట్యూబే దిక్కు. తెలుగు మీడియం పిల్లల్ని "ఇంటర్ పరీక్షే రాయని వెధవల్లారా" అనేవారు, అదేదో మేమే రద్దు చేయించుకున్నట్టు. చివరికి ప్రిన్సిపాల్‌కి ఆయన మీద అర్జీ రాశాం. కింద నా సంతకం కూడా ఉంది. ఎక్స్‌టర్నల్‌లో 34 వచ్చింది, 30కి పాసు.

ఆ సంతకం పెట్టినప్పుడు నాకొక మొహమాటం ఉండాల్సింది, ఎందుకంటే అంతకుముందు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకి నా మెంటారు ఆయనే. అది మా బ్యాచ్ వాళ్లందరికీ ఉంది. ఫస్టియర్ అయ్యాక సెలవుల్లో 180 గంటలు ఏదో ఒక ఊళ్లో సర్వే చేసి, లాగ్‌బుక్ రాసి, రిపోర్టు ఇవ్వాలి. చాలామంది సీనియర్ల రిపోర్టులో ఊరి పేరు మార్చి ఇచ్చేశారు. నాది ఉద్దానం. కొబ్బరి తోటల్లో ఊరు, 2018లో తిత్లీ తుపానుకి సగం చెట్లు పడిపోగా మిగిలినవి. కిడ్నీ జబ్బు లేని వీధి లేదు. మా దగ్గర చదువు రాని ముసలమ్మ కూడా కిడ్నీ ఎంత పాడైందో చెప్పే క్రియాటినిన్ ఎంతో నోటి లెక్కన చెప్తుంది. తాగునీళ్ల మీద సర్వే అని మొదలుపెట్టాను. రెండో ఇంట్లోనే ఒక అవ్వ పట్టుకుంది. "ఏటే గుంటా, మా ఇంట్లో ఎంతమంది పోయారో నువ్వు రాసుకుంటే మళ్లీ లేసొత్తారేటి?" పెన్ను మూసేసి అక్కడే కూర్చుండిపోయాను. కాసేపటికి ఆవిడే కొబ్బరినీళ్లిచ్చి, "రాసుకోలే, నీ సదువుకి గావాల గదా" అంది.

నాలుగు పేజీలు రాసి సార్‌కి చూపించాను. 'ఈ గ్రామంలో కొందరు బోరు నీళ్లు తాగుతున్నారు' అన్న వాక్యం కింద ఎర్రగీత. "కొందరంటే ఎంతమంది?" తెలియదు సార్. "వెళ్లి లెక్కపెట్టుకురా." వెళ్లాను. మా వీధీ పక్క వీధీ కలిపి 58 ఇళ్లు, క్యాన్ నీళ్లు కొనేవి 37, బోరూ నుయ్యీ మీదున్నవి 21. ఆ 21లో డయాలసిస్‌కి సోంపేట తిరిగే మనిషున్న ఇళ్లు రెండు, వాళ్లకి క్యాన్‌కి డబ్బుల్లేక. ఆ జబ్బుకి కారణమేంటో పెద్ద పెద్ద డాక్టర్లే ఇంకా తేల్చలేదు, నా 58 ఇళ్లతో తేలదు. కానీ 'కొందరు' అని రాయడం ఆ రోజుతో మానేశాను. రిపోర్టులకి మార్కులు మాత్రం అందరికీ దాదాపు ఒకటే పడ్డాయి, సీనియర్ రిపోర్టులో పేరు మార్చినవాళ్లకి కూడా.

ఫిజిక్స్ ల్యాబు గురించి తక్కువ మాట్లాడుకుంటే మంచిది. పన్నెండు మందికి ఒక స్పెక్ట్రోమీటరు. సోడియం ల్యాంపు వెలిగేది ప్రాక్టికల్ పరీక్ష రోజునే. వెలుగు, చీకటి వలయాలు కొలిచే న్యూటన్ రింగ్స్ ప్రయోగం రీడింగులు మా సీనియర్ల రికార్డులోంచి మా రికార్డులోకి, మా రికార్డులోంచి జూనియర్లకి. ఆ రింగుల్ని కళ్లతో చూసినవాళ్లు మా వంశంలో ఎవరున్నారో తెలీదు.

కానీ మా ఫిజిక్స్ మేడమ్ అడిగిన ప్రశ్న ఒకటి చెప్పాలి. అరసవల్లిలో మార్చి 9, 10 తేదీల్లోనూ, అక్టోబరు 1, 2 తేదీల్లోనూ సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయని శ్రీకాకుళంలో పిల్లలకి కూడా తెలుసు. మేడమ్ అడిగింది: "మార్చి నుంచి అక్టోబరుకి ఏడు నెలలు. అక్టోబరు నుంచి మార్చికి ఐదే. సమానంగా ఆరారు ఎందుకు లేవు?" అక్కడే పుట్టి పెరిగినవాళ్లు కూడా బిక్కమొహాలు వేశాం. ఆవిడ వెంటనే చెప్పలేదు. ప్రతి సోమవారం తొమ్మిదిన్నరకి కిటికీ చువ్వ నీడ నేల మీద ఎక్కడ పడుతోందో అక్కడ సుద్దముక్కతో గీత గీయించింది. ఆయా ఊడ్చేసినప్పుడల్లా మళ్లీ మొదటికి. ఐదారు గీతలయ్యాక చెప్పింది. పొద్దు పొడిచే చోటు జూన్ దాకా ఉత్తరానికి జరిగి, అక్కణ్నుంచి వెనక్కి తిరుగుతుంది, కాబట్టి దారిలో ఉన్న ఏ చోటినైనా రెండుసార్లు దాటాలి. మార్చి 21కీ సెప్టెంబరు 23కీ సూర్యుడు సరిగ్గా తూర్పున పొడుస్తాడు. అరసవల్లి తేదీలు మార్చిలో దానికి పదిరోజుల ముందు, అక్టోబరులో వారం పది రోజుల తర్వాత. అంటే రెండుసార్లూ సూర్యుడు తూర్పుకి కాస్త దక్షిణంగా ఉన్నప్పుడే. ఉత్తరానికి పోయి రావడం పొడుగు దారి, అందుకే ఆ పక్క ఏడు నెలలు. సిలబస్‌లో లేదు, పరీక్షలో రాదు. ఫైనలియర్‌లో మార్చి 10న తెల్లవారుజామున లేచి వెళ్లాం. క్యూలో మా వంతొచ్చేసరికి ఎండ స్వామిని దాటిపోయింది.

కంప్యూటర్స్‌కి మూడేళ్లలో నలుగురు మారారు. సీ లాంగ్వేజి చెప్పినాయన గ్రూప్స్ ఉద్యోగాలకి ప్రిపేరవుతూ సగంలో మానేశాడు. ల్యాబులో కరెంటు పోతే ఇన్వర్టరు ప్రిన్సిపాల్ గది ఫ్యాను వరకే. డేటాబేస్‌ల పేపరు డీబీఎంఎస్‌కి మాత్రం గెస్టుగా ఒక అమ్మాయి వచ్చింది, మాకంటే ఐదారేళ్లు పెద్దదేమో. మా హాస్టల్ మెస్ రిజిస్టర్ తెప్పించి బల్ల మీద పడేసింది. ప్రతిరోజూ ప్రతి పేరు పక్కనా రూమ్ నంబరు, ఊరు, ఫోన్ నంబరు మళ్లీ మళ్లీ రాసుంది. "ఈమె రూము మారిందనుకోండి, ఎన్నిచోట్ల కొట్టేయాలి?" నెలకి ముప్పై చోట్ల. "ఒక్కచోట మర్చిపోతే?" ఆమె రెండు రూముల్లో ఉన్నట్టు. ఒక వివరాన్ని ఒక్కచోటే ఉంచాలనే నార్మలైజేషన్ నాకు ఆ గంటలో వచ్చింది. ఇప్పుడు విశాఖలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూసుకునే చిన్న ఆఫీసులో పొద్దస్తమానం టేబుళ్లతోనే నా పని. మూడేళ్ల డిగ్రీలో నాకు అన్నం పెడుతున్న పేపరు అదొక్కటే. ఆమెకి మరుసటి సెమిస్టరు క్లాసులివ్వలేదు.

లైఫ్ స్కిల్ కోర్సులు పరీక్షలు రాశాం, క్లాసులు జరగలేదు, రాయడానికేం లేదు. ఆఖరి సెమిస్టరు ఇంటర్న్‌షిప్ కాలేజీయే ఏదో ఆన్‌లైన్ సంస్థతో మాట్లాడి డబ్బులు కట్టించింది. వీడియోలు వాటంతటవే నడుస్తుంటే మేం కొబ్బరి పీచు వలుచుకున్నాం, సర్టిఫికెట్ వచ్చింది. తెలుగు క్లాసు బాగుండేది.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2023-24 నుంచి సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది. లెక్కలు, ఫిజిక్స్, కంప్యూటర్స్ మూడూ సమానంగా చదివే మా ఎంపీసీఎస్ అప్పటితో ఆగింది. ఒకటి మేజరు, ఒకటి మైనరు అన్నారు. కాబట్టి ఏ కోర్సన్నది కాదు, మేజరుకి ఎవరు చెప్తున్నారో ముందు కనుక్కోవాలి. అదీ ఆఫీసులో కాదు. అక్కడ ఎక్సలెంట్ అనే చెప్తారు. మధ్యాహ్నం గేటు ముందు పునుగుల బండి దగ్గర సెకండియర్ వాళ్లుంటారు, వాళ్లని అడగాలి.

మా చెల్లికి ఇదంతా పంపాను. "సదివేను గానీ, ఇంతకీ ఎట్టమంటావా వద్దంటావా?" అంది. రెండో ఆప్షన్‌గా పెట్టమన్నాను. మొదటిది ప్రభుత్వ మహిళా కాలేజీ. ఇక్కడే సీటొస్తే మాత్రం, ఒరిజినల్స్ ఇచ్చేటప్పుడు ఏయే కాగితాలిచ్చావో రాయించి సీలు వేయించుకోమన్నాను. ఫీజు బకాయి ఆరు వేలు ఉందని నా టీసీ ఆపేస్తే, మా నాన్న సోంపేట నుంచి మూడుసార్లు బస్సెక్కి రావాల్సొచ్చింది.