పియెంజా పక్కన పొలం విడిది

ఇటలీలోని టస్కనీలో, పియెంజా ఊరికి చేరువగా, ఒక రైతు కుటుంబం నడిపే అగ్రితురిజ్మో విడిదిలో మేము 3 రాత్రులు బస చేశాము. గది చిన్నదే, ఉదయం వేడినీళ్లు ఆలస్యంగా వచ్చేవి; భోజనం మాత్రం ఎంత మెచ్చుకున్నా తక్కువే. గుడ్డు కలపకుండా, పిండిని నీళ్లతో తడిపి చేత్తో తాడులా పేనిన పిచి పాస్తాను టమాటా, వెల్లుల్లి సాస్‌తో వేడివేడిగా వడ్డించారు కనుక శాకాహారులమైన మాకు ఏ ఇబ్బందీ కలగలేదు. రొట్టెలో ఉప్పు వేయకపోవడం అక్కడి ఆనవాయితీ.

మధ్యాహ్నం చాలా దుకాణాలు మూసేస్తారు, రాత్రి భోజనం సాధారణంగా 7:30 తర్వాతే దొరుకుతుంది కాబట్టి పిల్లలతో వెళ్లేవారు పళ్లు దగ్గర ఉంచుకోవాలి. అంగట్లో అడుగు పెడుతూనే ‘బువోన్‌జోర్నో’ అని పలకరించడం మర్యాద; మేము అలా అన్నప్పుడు కూరగాయలమ్మే పెద్దావిడ ముఖం విప్పారింది. కారులో వెళ్లేవారు పాత ఊళ్ల ముఖద్వారాల దగ్గర జెడ్‌టీఎల్ (వాహనాల రాకపోకలపై పరిమితి ఉన్న ప్రాంతం) అన్న బోర్డును గమనించాలి, అనుమతి లేకుండా దాటితే జరిమానా పడుతుంది.